ఇప్పటి మాట

నదికి దక్షిణపు ఒడ్డున, ఎలుగుబంట్ల గోదాకి రెండు సందులివతల
నాటకశాల గుమ్మంలో నిలబడేదాన్ని నేను, థామసిన్‌ని.
చేతిలో ఆకుపచ్చ మెరుగు పూసిన మట్టిపిడత,
దాని నెత్తిన ఒక్క పెన్నీ దూరేంత చీలిక.
వచ్చేవాళ్ళ మొహాలు చూడను.
వేళ్ళు చూస్తాను.
అద్దకంవాళ్ళవి నీలం,
పడవవాళ్ళవి నానిన ముడతలు.

ఈ ఆకురాలు కాలమంతా వారానికోసారి పెళ్ళినాటకం.
చూడలేదు నేను, నా వీపు వెనక జరుగుతుంది.
విన్నాను. పదకొండుసార్లు.

అందులో సర్ హంఫ్రీ క్లచ్ అని ఒక ముసలాడు,
ఇంటిపేరే పిడికిలి.
తన చేతికింద పెరిగిన లెటిస్‌ని చేసుకోవాలని వాడి ఆశ.
పిల్లని కాదు,
పిల్ల పేరిట ఉన్న నాలుగొందల గొర్రెల్ని.
కానీ పక్కవీధి విధవరాలికి ఆరొందలున్నాయి.
ఏ మంద ఎటు మళ్ళుతుందో తేలేదాకా
రెండు మెడలకీ తాడు వేసే ఉంచాలి.

వకీలు గుసగుసగా నేర్పుతాడు,
ఆ గుసగుస నా గుమ్మందాకా వినపడుతుంది:
"అయ్యా, పెళ్ళికి చర్చీ అక్కర్లేదు, ఉంగరమూ అక్కర్లేదు,
ఒక్క క్రియాపదం చాలు.
'చేసుకుంటాను' అన్నారా, అది రేపటి మాట,
రేపు ఎన్నడు వచ్చింది గనక, జారుకోవచ్చు.
'చేసుకుంటున్నాను' అన్నారా,
ఇద్దరు విన్నారా,
ఇక చచ్చేదాకా మీ దుప్పటి మీ ఒక్కరిదీ కాదు."

ఆ వకీలు దగ్గర గుమాస్తా పెరెగ్రిన్.
లెటిస్ కిటికీ కింద రాత్రుళ్ళు దగ్గేది వాడే.
చీటీలు మార్చేస్తాడు.
ముసలాడి కళ్ళద్దాలు అప్పటికే ఒక గొర్రె నమిలేసింది,
అందుకని ముసుగులో ఉన్న విధవరాలి వంటమనిషి చెయ్యి పట్టుకుని
ఇప్పటి మాట గట్టిగా చదివేస్తాడు, నలుగురి ముందూ.
వంటమనిషికున్న ఆస్తి ఒక బాతు.

జనం పడీ పడీ నవ్వుతారు.
నేను పిడత బరువు చూసుకుంటాను.

నాకూ ఒకడు మాటిచ్చాడు. జర్విస్, తాళ్ళు పేనేవాడు.
డెట్‌ఫర్డ్ రేవులో, తారు కాగుతున్న పీపా పక్కన.
ఏ కాలంలో అన్నాడో గుర్తులేదు,
గాలి చివరి అక్షరాలు ఎత్తుకుపోయింది.
సాక్షి ఒక కుక్క.
మర్నాడే ఓడెక్కాడు.
తొమ్మిదేళ్ళు వాడి భార్యనని చెప్పుకున్నాను,
ఏ చర్చిలో అని ఎవరైనా అడిగితే
దగ్గు తెచ్చుకున్నాను.

పన్నెండోసారి, వాన.
లెటిస్ వేషం ఆంబ్రోస్‌ది, పద్నాలుగేళ్ళవాడు,
పైపెదవి మీద సుద్దపొడికి లొంగని నీడ.
ఆఖరి అంకం. చేతిలో చెయ్యి.
"పెరెగ్రిన్, నిన్ను నేను చేసుకుం"
అక్కడ గొంతు పగిలింది.
తలుపు సందున పడ్డ బాతు కూత ఒకటి వచ్చింది,
అంతే, ఇక ఏమీ రాలేదు.

ఒక్క క్షణం వాన చప్పుడు.
తర్వాత మొదలైంది కిందనుంచి,
"టానా? టున్నానా?"
"టాను అంది, నేను విన్నాను!"
"నీ చెవిలో పెంకులు, టున్నాను అంది!"
న్యాయం చదివే కుర్రాడొకడు బల్లెక్కి
ఇది పెళ్ళి కాదు పొమ్మన్నాడు.
ఆపిల్ పళ్ళమ్మి వాడి మీద పండు విసిరింది.
ఆ అల్లరి సందులో ఆంబ్రోస్ ఊపిరి విన్నాను,
ఏడుపుకి ముందుండే ఊపిరి.

తిరిగాను. ఇన్నాళ్ళకి మొదటిసారి.
అంత చిన్నదా ఆ వేదిక,
అంత అరిగిందా ఆ పెళ్ళిగౌను.
"టున్నాను!" అని అరిచాను.
"చేసుకుంటున్నాను!"

ఎనిమిదొందల తలలు నా వైపు.
ఎవడో ఈల వేశాడు. పెరెగ్రిన్ వేషగాడు వంగి నాకు దణ్ణం పెట్టాడు,
బాకా మోగింది, అందరూ గెంతి నాట్యం చేశారు,
తడిసిన బూట్లతో.
ఈసారి సాక్షులకి కొదవలేదు.

సాయంత్రం లెక్కలగదిలో పిడతలు పగలగొట్టారు.
నాది మూడు పెన్నీలు తక్కువ.
నేను అటు తిరిగినప్పుడు ఎవరో ఊరికే దూరారట.
కూలిలో కోస్తామన్నారు.

కోసుకోండి, అన్నాను,
గౌనుకంటుకున్న పెంకులు దులుపుకుంటూ.