పుసి

పటగోనియాలో గాలికి సెలవుండదు.
మోరా కళ్ళలో పొద్దున్నే ఇంత పుసి,
నీళ్ళలా కారి కొసన ఎండేది.
తడిగుడ్డతో తుడిస్తే సరి,
గొర్రెల కుక్కకి అదే మొహం కడగడం.

మంగళవారం అలా లేదు.
ఎడమ కన్ను అతుక్కుపోయింది.
పసుపూ కాదు పచ్చా కాదు, జిగురు.
విప్పబోతే వెలుతురుకి ముడుచుకుంది,
ముంగాలితో రుద్దుకుంది.
నల్లగుడ్డు మీద పలచటి మీగడ.

ఫెర్మీన్ అల్మరాలోంచి
తన శుక్లాల ఆపరేషన్నాటి చుక్కల సీసా తీశాడు.
"నాకు పనిచేసింది."
"నువ్వు కుక్కవా?" అన్నాను.
నలభై ఏళ్ళ కాపురంలో
ఆ ప్రశ్న మొదటిసారేం కాదు.

నూట పది కిలోమీటర్ల కంకరరోడ్డు.
డాక్టరమ్మ కంట్లో రంగుచుక్క వేసి
లైటార్పి నీలం దీపం పట్టింది.
సన్నగా, ఆకుపచ్చగా
వెలిగింది ఒక గీత.
కలఫాతె ముల్లు గీసిన గీత.
"ఆ సీసా చుక్క పడుంటే
ఈ గీత గొయ్యయ్యేది" అంది.
ఫెర్మీన్ టోపీ తీసి
దాని అంచు చుట్టూ ఏదో వెతుక్కున్నాడు.

ఇప్పుడు మోరా మెడలో ప్లాస్టిక్ గరాటా.
తలుపులన్నిటికీ తగులుతోంది.
గొర్రెలు నవ్వట్లేదు గానీ
మాట మాత్రం వినట్లేదు.