మరమేకుల లెక్క

ఈ విశ్వవిద్యాలయంలో నాకు చదువు లేదు,
తలుపులున్నాయి.
మూడంతస్తులు, నూట పన్నెండు తలుపులు.
పేర్లు బిగించేదీ నేనే, ఊడదీసేదీ నేనే.
పోర్ట్ ఎలిజబెత్ అని రాసున్న పాత మేకుల డబ్బా
ఊరు పేరు మార్చుకున్నాక కూడా నా దగ్గరే ఉంది.
ఊరి పేరైతే మారింది గానీ
కొన్ని తలుపుల మీద పేరు మారలేదు.

ఓస్ట్‌హయ్జెన్ దొరగారి ఇత్తడి పలక
నేను కుర్రాడిగా పనిలో చేరిన ఏడు బిగించింది.
సముద్రపు ఉప్పుగాలికి మేకుల తలలు చిలుమెక్కి
చెక్కలో కలిసిపోయాయి.
ఇప్పుడది తియ్యాలంటే తలుపు కొయ్యాలి.

నాలుగో తలుపు సంగతి వేరు.
దానికి ఇత్తడి ఇవ్వరు.
ప్లాస్టిక్ పట్టీ, రెండు చిన్న మేకులు.
"పదకొండు నెలలే కదా" అంటుంది స్టోర్స్ క్లర్కు,
పన్నెండు నిండితే ఏదో అంటుకుంటుందన్నట్టు.
ఆరేళ్లలో అయిదు పేర్లు.
బిగించి తీసి, బిగించి తీసి
కన్నాలు గుల్లబారాయి.
మేకు పెడితే
పళ్లూడిన నోట్లో చెరుకుముక్కలా
తిరుగుతుంది గానీ పట్టదు.

అందుకు మా వడ్రంగులకో కిటుకుంది:
అగ్గిపుల్లల తలలు విరిచి, జిగురులో ముంచి
కన్నంలో కూరడం.
ఒక రాత్రి ఆరితే మళ్లీ చెక్కే.
డాక్టర్ నోలుబబలో మబండ్ల పేరు
ఏడు అగ్గిపుల్లల మీద నిలబడింది.

ఆవిడ చదువంతా రాతిని కరుచుకునే నత్తల మీద.
అల వెనక్కి లాగుతుంటే
బొటనవేలంత ప్రాణి పట్టెలా నిలుపుకుంటుందో
నేను నిచ్చెన మీదుండగానే చెప్పేది.
రాతిలో తన గుంట తనే తొలుచుకుంటుందట,
మేతకెళ్లి మళ్లీ ఆ గుంటకే వస్తుందట,
చిప్ప అంచుకీ గుంట అంచుకీ
వెంట్రుకవాసి తేడా ఉండదట.
"ఏళ్లు పట్టాలి టాటా, అదే కిటుకు" అంది.
మా మాటలో టాటా అంటే నాన్న.

మొదటి ఏడాది పిల్లలు నాలుగు వందలమంది ఆవిడకే.
వాళ్ల పేపర్లు దిద్దడం ఆవిడకే.
ఏ కమిటీకి నల్లమొహం కావాలన్నా
ఆడమొహం కావాలన్నా
రెండు కుర్చీలకూ ఒకటే మనిషి.
ఇక నత్తల దగ్గరికి ఎప్పుడెళ్తుంది?
బోర్డు అదే అడిగిందట,
"ప్రచురణలు తక్కువేం?" అని.

పక్కగది ప్రెల్లర్ ఆవిడతో పాటే వచ్చాడు,
దొరగారి శిష్యుడు.
ఒక క్లాసు, ఒక పడవ, ఇత్తడి పలక.
వడ్డించేవాడు తనవాడు,
ఇక ఏ పంక్తిన కూర్చుంటేనేం.

జూలైలో పనిచీటీ వచ్చింది:
నాలుగో తలుపు, పట్టీ తొలగింపు.
కారణం రాసే గడి ఒకటుంటుంది. ఖాళీ.
ఆవిడ అట్టపెట్టెల్లో పుస్తకాలు సర్దుతోంది.
మర తిప్పాను.
ఇన్నేళ్లలో మొదటిసారి ఆ తలుపు మేకు ఎదురు తిరిగింది.
అగ్గిపుల్లలు పట్టేశాయి.
నాలుగు చుట్లకి కిర్రుమంది.
ఆవిడ చూసి
"బాగా బిగించావు టాటా" అంది.
నేను కొలత టేపు లాగి, వదిలి,
లాగి, వదిలి,
కొలవడానికేమీ లేని చోట నిలబడ్డాను.

గేటు దగ్గరి పెద్ద బొమ్మలో ఆవిడ ఇంకా నవ్వుతోంది,
అరచేతిలో నత్త.
దాన్ని తియ్యమని ఇంతవరకూ చీటీ రాలేదు.

ఈ సోమవారం కొత్తమ్మాయి, డాక్టర్ షిరీన్ ఫిలాండర్.
స్టోర్స్‌లో మళ్లీ అదే పట్టీ, అవే రెండు చిన్న మేకులు.
వాటిని జేబులో పడేసుకుని
తలుపు అవతలికంటా తొలిచాను.
బోల్టు దూర్చి
లోపలివైపు నట్టు బిగించాను.
ఇక ఆ పేరు విప్పాలంటే
వరండాలో నిలబడి విప్పడం కుదరదు.
తలుపు తట్టాలి, లోపలికి రావాలి,
ఆమె ఎదురుగా నిలబడి
ఒక్కో చుట్టూ తిప్పాలి.

నాకు తెలుసు,
ఆ వచ్చేది బోర్డు కాదు.
పానా పట్టుకుని నేనే.