దుప్పటి పట్టుకున్న మనిషి

సెన్-లూయీలో పెళ్ళి ఫొటోలన్నీ
ఎండ నడినెత్తికెక్కాకే మొదలవుతాయి.
ఎవర్నీ అనుకుని లాభం లేదు.
దర్జీ ఆలస్యం, చేపల అన్నం ఆలస్యం,
డప్పులవాళ్ళు వంతెన అవతల ఇరుక్కుపోయారు.
పన్నెండున్నర సూర్యుడు
మనుషుల కళ్ళు పీకేసి
గుంటలు మాత్రం మిగులుస్తాడు.

పదేళ్ళ కిందట మా అక్క పెళ్ళికి
నేనే తీశాను.
ఫ్లాష్ ముఖాన కొట్టాను, చెంబుతో నీళ్ళు కొట్టినట్టు.
గౌనుకి మడతల్లేవు, అక్కకి ముక్కు లేదు,
బావ నెత్తిమీంచి కరెంటు స్తంభం మొలిచింది.
ఆల్బమ్ మూసి
"ఈ బూడిద పూసుకున్నావిడ ఎవరే?" అంది అక్క.
నవ్వుతూనే అంది.
ఆ నవ్వు నాకింకా అరగలేదు.

తప్పు అక్క రంగుది కాదు,
కెమెరాలో కూచున్న మీటరుది.
దానికి లోకమంతా బూడిదరంగులోనే ఉండాలి.
నల్లటి చెంప కనబడితే కంగారుపడి సున్నం కొడుతుంది,
తెల్లగౌను కనబడితే బెదిరి
అందర్నీ చీకట్లోకి తోస్తుంది.
దాని మాట వినడం మానెయ్యడానికి
మూడేళ్ళు పట్టింది, అరవై పెళ్ళిళ్ళు పట్టాయి.

ఇప్పుడు పెళ్ళింట్లో అడుగుపెట్టగానే
పెళ్ళికూతుర్ని చూడను.
గోడల్ని చూస్తాను.
ఏ గోడ వెలుతురు తాగేస్తుంది, ఏది తిరిగిస్తుంది,
ఎవరి తలవెనక ఏ స్తంభం కాచుకుని ఉంది.
పసుపు గోడ పక్కన నిలబెడితే
మా వాళ్ళ చర్మం
లోపల ఎవరో దీపం పెట్టినట్టుంటుంది.

అరామె పెళ్ళికి నదివైపు వరండా దొరికింది.
మెత్తటి నీడ. కానీ ఆమె ఎడమ చెంప
బావిలో పడ్డ బిందెలా ఉంది.
రిఫ్లెక్టరు పట్టే కుర్రాడు, రిఫ్లెక్టరుతో సహా,
వంటల దగ్గర మాయం.
దండెం మీంచి ఓ తెల్ల దుప్పటి లాగాను.
స్తంభానికి ఆనుకుని, చేతులు కట్టుకుని
ఒక పెద్దాయన కనిపించాడు.
"కాస్త ఇది పట్టుకోండి" అన్నాను.

వరండా మొత్తం ఊపిరి బిగబట్టింది.
నాకేం తెలుసు,
ఆయనే పెళ్ళికొడుకు తండ్రి మదెంబా అని,
కంసాలింటి పిల్ల నా గడప తొక్కదని
మూడు రంజాన్లుగా కొడుకుతో మాట్లాడనివాడని.

దుప్పటి వంక చూశాడు. నా వంక చూశాడు.
పట్టుకున్నాడు.
తెరచాపలు కట్టిన చేతులు కదా,
గాలివాటం చూసి కొసలు బిగించాడు.
పైకంటే పైకి. కుడికంటే కుడికి.
కొంచెం వంచండి అంటే
నడుం కూడా వంచాడు.
వెలుగు వెళ్ళి కూచుంది
అరామె చెంప మీద,
ఆమె తండ్రి నెల్లాళ్ళు ఊదుగొట్టం ఊది చేసిన
కమ్మల మీద.

నలభై నిమిషాలు.
ఎవరూ నోరు మెదపలేదు.
దుప్పటి పట్టినవాడు పక్కకి చూస్తే
వెలుగు జారిపోతుంది,
అందుకని ఆయన ఆమెనే చూడాల్సి వచ్చింది.

గ్రూపు ఫొటోకి పిలిస్తే రాలేదు.
దుప్పటి నాలుగు మడతలు పెట్టి
కుర్చీ మీదుంచి వెళ్ళిపోయాడు.

నెల తర్వాత మా షాపుకొచ్చాడు.
చెప్పులు బయటే విడిచి, నిలబడే
ఆల్బమంతా తిప్పి
"నేను ఎక్కడా లేనుగా" అన్నాడు.
ఊరటో, ఫిర్యాదో
పోల్చుకోలేకపోయాను.

కంప్యూటర్లో ఒకటి తెరిచి పెద్దది చేశాను.
ముఖం. కన్ను. కంటిపాప.
అందులో నూకగింజంత తెల్ల చతురస్రం,
దాని అంచుల్లో రెండు చేతులు,
పైన ఓ టోపీ కొస.

చాలాసేపు చూశాడు.
"వంకరగా పట్టుకున్నాను" అన్నాడు.

ఇదే కావాలన్నాడు.
కన్నొక్కటీ కాదు, ముఖం మొత్తం.
డబ్బులు రెండుసార్లు లెక్కపెట్టాడు.
పెద్దది వద్దట,
చొక్కాజేబులో పట్టేంత చాలట.