పద్నాలుగో నంబరు తాళంచెవి

ఏప్రిల్లో పట్టిన ముసురు
సెప్టెంబరు దాకా వదలదు వాల్దివియాలో.
నదికి ఇవతల వృక్షశాస్త్రం భవనం,
గుమ్మం పక్కన నా గాజు గది,
గోడకి అరవై రెండు మేకులు,
అరవై రెండు తాళంచెవులు.

డాక్టర్ ఎదువిగెస్ ఒయార్సున్ రిటైరైన రోజు
కేకు కోశారు, గోడగడియారం ఇచ్చారు.
చేతినిండా టైమే మిగిలినవాళ్ళకి
మళ్ళీ టైమే ఎందుకిస్తారో.
చీకటి పడే వేళకి నా కిటికీ దగ్గరికొచ్చి
పద్నాలుగో నంబరు బల్ల మీద పెట్టింది.
ముప్పై ఏడేళ్ళు జేబులో నలిగి
పళ్ళరిగిన ఇత్తడి ముక్క.
సంతకం పెట్టమన్నాను.
పెట్టింది. నా కలం పట్టుకుపోయింది.

మూడో గురువారం కలం ఇవ్వడానికొచ్చింది.
పై గురువారం, మరిచిపోయిన గొడుగు కోసం.
ఆ పై గురువారం సాకేమీ తేలేదు,
నేనూ అడగలేదు.
మేకు మీంచి పద్నాలుగు తీసి ఇచ్చాను.

లోపల ఎండిన మొక్కల గది.
కాగితాల మధ్య నలభై వేల ఆకులు,
పేరు రాసే దిక్కులేక కట్టలు కట్టలుగా.
జీతం లేదు, తనదంటూ బల్ల లేదు,
ఉన్ని టోపీ చెవుల మీదికి లాక్కుని
భూతద్దంతో ఒక్కో ఆకునీ పలకరిస్తుంది,
తప్పిపోయిన పిల్లాణ్ణి
ఏ ఊరు నాన్నా అని అడిగినట్టు.

ఆమె ఒక్కతే కాదు.
లెక్కల దొన్ అనాక్లెతో
సోమవారాలు మెట్ల కింద బెంచీ మీద ఉంటాడు.
తప్పిన పిల్లలు మొదట దూరంగా నిలబడతారు,
తర్వాత పక్కన కూర్చుంటారు,
చివరికి ఆయన ఫ్లాస్కులో టీ కూడా తాగేస్తారు.
భూగర్భశాస్త్రం ఫ్రీద్‌లిందె మేడమ్
థీసిస్ చదివి వినిపించేవాళ్ళకి చెవి అప్పిస్తుంది.
చెవి మిషను తీసి బల్ల మీద పెట్టిందంటే
ఆ అధ్యాయం మళ్ళీ రాసుకోవాలని అర్థం.

అందరికీ ఒదగదు.
పురుగుల ప్రొఫెసర్ ఎలెయుతేరియో
ప్రతి మీటింగుకీ వచ్చి
"మా రోజుల్లో..." అని ఎత్తుకునేవాడు.
పక్క కుర్చీలు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి.
ఏదో ఒక గది చూపించాల్సింది ఆయనకి.
నేను గుడ్ మార్నింగ్ చెప్పి ఊరుకున్నాను.
ఇప్పుడు చేపల రేవులో
సముద్రసింహాలకి తలకాయలు విసురుతుంటాడట.
వాటికి ఎవరి రోజులైనా ఒకటే.

వచ్చే మార్చిలో నా వంతు.
తలుపులు తీసేవాడి పేరుకి ముందు
గౌరవమని ఎవరూ తగిలించరు.
అరవై రెండూ లెక్క అప్పజెప్పి
వట్టి చేతులు జేబులో దోపుకుని నడవడమే.

మొన్న గురువారం ఆమె నన్ను లోపలికి పిలిచింది.
ఇరవై తొమ్మిదేళ్ళలో ఆ గదిలోకి
బల్బు మార్చడానికి తప్ప వెళ్ళలేదు.
పాత కాగితం, వెలిసిన సిరా, కోడి గీతలు.
"హెరిబెర్తో, ఇదెవరి దస్తూరీ?
వారం నుంచి కొట్టుకుంటున్నాను."

నడుముకి అడ్డగీత కొట్టిన ఏడు అంకె.
సెలవుచీటీల మీద,
హీటరు పనిచేయడం లేదన్న ఫిర్యాదుల మీద
ఎన్నిసార్లు చదవలేదు నేను!
"దొన్ బాల్తసార్. పోయి పన్నెండేళ్ళు."
"మరి ఈ ఊరు?"
"నియెబ్లా. ఆ ఏడాదంతా శనివారాలు
జీపు తాళాలు పట్టుకెళ్ళేవాడు,
ఇసకతో తిరిగిచ్చేవాడు."

ఆమె రాసింది.
అడుగున, చిన్నక్షరాల్లో,
దస్తూరీ గుర్తుపట్టినవారు అని,
దాని పక్కన నా పేరు, ఇంటిపేరుతో సహా.

"ఇలాంటివి మూడు వేలున్నాయి" అంది
తల ఎత్తకుండా.
"మార్చి తర్వాత గురువారాలు తీరికేనా?"

చూడాలి అన్నాను,
బోలెడు పనులున్నవాడిలా.

సాయంత్రం పద్నాలుగో మేకు పక్కన
ఇంకో మేకు దిగ్గొట్టాను.
ఎందుకని అడిగాడు నా తర్వాత రాబోయే కుర్రాడు.
గొడుగు తగిలించుకోడానికి అన్నాను.