కారణం అనే గడి

శాంతి కమిటీ మీటింగుకి మినిట్స్ రాసేది నేనే,
మార్కాపురం మునిసిపాలిటీలో జూనియర్ అసిస్టెంటుని.
పెద్దలు అరిస్తే "అభిప్రాయం వ్యక్తపరచినారు" అని రాయాలి.
బల్ల మీద గుద్దిన గుద్దుకి మాత్రం
ఆఫీసు భాషలో మాట లేదు.

ఆ రోజు తగువు డప్పు గురించి.
ఊరేగింపు మసీదు వీధికి ఎన్నడుగుల ముందు డప్పు ఆపాలి.
ఒకాయన నూరడుగులన్నాడు.
ఇంకొకాయన తాతలనాటి హక్కన్నాడు.
మూల కుర్చీలో దూదేకుల నాగుల్ మీరా,
పలకల ఫ్యాక్టరీ పాత మేస్త్రీ,
నడుం పట్టుకుని వంకరగా కూచున్నాడు.
ఇక్కడి బోరునీళ్ళు ఆయనకిచ్చింది కిడ్నీలో రాయి.
"నలభై ఏళ్ళు రాయిని నేను చీల్చానమ్మా,
ఇప్పుడది నన్ను చీలుస్తోంది" అని
నాకొక్కదానికే వినపడేట్టు నవ్వాడు.

మీరేమంటారు మేస్త్రీ గారూ అంటే
"రాత్రి ఒకటనుకున్నా. పొద్దునకి ఇంకోటనిపించింది.
మధ్యాహ్నానికి ఏమంటానో
నా మీద నాకే పూచీ లేదు."
అంతా నవ్వారు, ఇద్దరు తప్ప.
వాళ్ళ జేబుల్లో చెరో అర్జీ ఉంది.
రెండిట్లోనూ ఆయన సంతకానికి చోటు వదిలారు:
ఆయన పేరులోనే నాగులుంది, మీరా ఉంది,
ఇంట్లో పీరుకి సాంబ్రాణి, పెళ్ళికి తాళిబొట్టు.
దేనికీ సంతకం పెట్టలేదు.
రెంటికీ చెడ్డ రేవడన్నారు.
"రేవులో ఉన్నోడికే గదయ్యా
రెండు గట్లూ కనపడేది" అన్నాడు.

డిగ్రీలో ఒక దొర గురించి చదివాను.
నాలుగైదు వందలేళ్ళ కిందట, ద్రాక్షతోటల దేశం,
ఒకే దేవుణ్ణి రెండు రకాలుగా మొక్కేవాళ్ళు
ఊళ్ళకి ఊళ్ళు తగలేసుకుంటున్న రోజులు.
ఆయన తన ఇంటికి కాపలా పెట్టలేదట.
నగరానికి పెద్దయ్యాడు గానీ
ఆ కుర్చీయే తాననుకోలేదట.
ఆయనకీ రాయి జబ్బే.
పరీక్షలో ఐదు మార్కుల ప్రశ్న.
పిరికివాడని రాసొచ్చాను.

పలకరాయిని చూడడం నాకు నాగుల్ మీరా నేర్పాడు.
అంచు మీద తడివేలు పెట్టి పొర ఎటుందో వెతకాలి.
దొరికితే చిన్న ఉలి చాలు.
దొరక్కముందే సమ్మెట ఎత్తావా, చేతికి రజనే.
"పాత కట్టుబాటూ అంతేనమ్మా.
మంచిదని కాదు నేను మోసేది.
అది పగిలితే పిల్లకాయలు దేని మీద రాసుకుంటారు?"
నేనొప్పుకోలేదు.
పాత కట్టుబాటు పగిలాకే
మా మాలపల్లెకి కుళాయి వచ్చిందన్నాను.
చాలాసేపు మాట్లాడలేదు.
"నిజమే. అది నేను చూళ్ళేదు" అన్నాడు,
దొండాకుతో పలక తుడిచినట్టు.

డప్పు నూరడుగుల దగ్గర ఆగలేదు.
రాయి ఎవరు విసిరారో
ఎవరికీ తెలీదు, అందరూ చూశారు.
కంభం రోడ్డు షట్టర్లన్నీ దిగాయి.
ఆ రాత్రి నాగుల్ మీరా గడియ పెట్టలేదు.
ధైర్యం కాదట.
నొప్పికి నిమిషానికోసారి దొడ్లోకి పోవాలి,
గడియ తీసే ఓపిక లేదట.
కర్రలతో వచ్చిన ఐదుగురు
తెరిచిన తలుపు ముందు
ఏం చెయ్యాలో తోచక నిలబడ్డారు.
ఎవరి తరపున అని అడగలేదు.
"ఎట్టాగూ వచ్చారు, ఆ కుండలో నీళ్ళు ముంచండి" అన్నాడు.
ఒకడు ముంచాడు. ఒకడు ఆటో పిలుస్తానన్నాడు.
ఇంకొకడు పోతూ పోతూ
అరుగు మీది పలకల కట్టని తన్నాడు.

తెల్లారి స్టేషన్లో ఫిర్యాదు రాసింది నేనే.
కట్ట మొత్తం అని రాయనా?
"వద్దు. పద్నాలుగే పగిలాయి. ఆరు బాగున్నాయి."
వెల? హోల్‌సేల్ రేటే వెయ్యమన్నాడు.
తన్నినవాడి మతం?
"కాలు ఒక్కటే చూశాను."
కారణం అనే గడి దగ్గర పెన్ను ఆగింది.
"తెలియదు అని రాయమ్మా."
ఎస్సై ఒప్పుకోలేదు.
తెలియదంటే కేసు నిలవదన్నాడు.
"నిలవకపోతే కూచోనీ బాబూ,
నేను నిలబడుతున్నానా?"

మిగిలిన ఆరు పలకల్లో ఒకటి నా బల్ల మీదుంది.
మినిట్స్ ముందు దాని మీద రాసుకుంటాను.
ఇవాళ రెండుసార్లు చెరిపాను.