గుండుగుత్తగా కాదు

చిలోయె దీవి, కేమ్చి రేవు.
తెల్లవారడానికి ఇంకా గంటన్నర.
వాన ఆగలేదు, ఆగుతుందని ఎవరూ అనుకోనూ లేదు.
కోళ్ళగూటి పక్కన నిలబడి ఎదువీహిస్ బారియా
ఆకాశానికి ఓ గొట్టం చూపిస్తోంది.

ప్లాస్టిక్ గొట్టం. దానికి అడ్డంగా
వడ్రంగి కొలతటేపు ముక్కలు, పసుపువి,
సెంటీమీటర్ల గీతలింకా చెరగనివి.
యాంటెన్నా అంటే పక్కింటావిడ పెదవి విరిచింది:
"తడిబట్ట ఆరేసుకోడానికైనా ఆగదే ఇది!"

దక్షిణాన నీడ.
ఆ నీడ దాటి వస్తుందది, రొట్టెముక్కంత పెట్టె.
రీగాలో కాలేజీ పిల్లలు చేసి ఎగరేశారు.
జ్విర్బులిస్ అని పిలుచుకున్నారు,
మన మాటలో పిచ్చుక.
బ్యాటరీ చచ్చి ఏడాదిన్నర.
పిల్లలు పట్టాలు పుచ్చుకుని తలో దిక్కూ పోయారు,
ఎవరో రిజిస్టరులో "మృతి" అని రాసి
గదికి తాళం వేశారు.

అయినా, ఎండ తగిలితే లేస్తుంది.
నీడ పడితే పోతుంది.
లేచినప్పుడు దానికేమీ గుర్తుండదు,
ఇది ఎన్నో లేవడమో
ఆ లెక్క ఒక్కటి తప్ప.

ఇదిగో
ఈల.
చుక్కా గీతా, గీతా చుక్కా,
పై శ్రుతిలో మొదలై కిందికి జారుతూ.
ఆవిడ మణికట్టు దాని వెంటే తిరుగుతోంది.
పెన్సిల్ తడికాగితాన్ని చింపుకుంటూ రాస్తోంది:
నాలుగు పాయింట్ ఒకటి వోల్టులు.
ఒళ్ళు మైనస్ పదిహేడు.
ఇక పుట్టుకల లెక్క, పది నిమిషాలకోసారే చెబుతుంది:
ఎనిమిది. రెండు.
అప్పుడే రేవులో ఎవడో పడవ మోటారు తిప్పాడు.
బర్రుమంది చెవిలో.
తర్వాత వాన ఒక్కటే.

నిన్న ఇదే వేళకి ఎనిమిది వేల నూట తొంభై ఎనిమిది.
రోజుకి పదిహేనుసార్లు లేస్తుంది.
కూడిక చంటిపిల్లలకీ వచ్చు.
పదమూడు అని రాసెయ్యొచ్చు,
ఎవడు చూడొచ్చాడు?

ఆల్చిప్పల ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్ళు
తూకాల చిట్టా రాసిన చెయ్యి అది.
పదకొండు కిలోల ఏడువందలు తెచ్చినవాళ్ళకి
పదకొండని రాయమన్నాడు కొత్త మేనేజరు,
గుండుగుత్తగా.
ఏడువందలూ రాసింది.
ఆ సోమవారం నుంచి ఇంట్లోనే ఉంది.

రెండు గళ్ళూ ఖాళీగా ఉంచి
అందరి చిట్టాలోకి పంపింది.
నెట్టు నత్తలా పాకేలోపు
పొయ్యి మీద బంగాళాదుంప రొట్టె
ఓ పక్క మాడింది.

ఆ కోళ్ళగూటి పక్కనే ఆగకుండా బావి తవ్వితే
భూమికి అవతల గోబీ ఎడారిలో తేలతాం.
గ్లోబుకి అల్లికసూది గుచ్చి చూసిందోసారి.
పిచ్చుకకి మాత్రం నలభై ఏడు నిమిషాల దారి.

దలన్‌జాద్‌గద్‌లో సాయంత్రం.
లారీ టైర్లకి పంక్చర్లేసే దులమ్‌సురెన్
గ్రీజు చేతులతోనే ఇయర్‌ఫోన్ దోపుకుంది.
అక్కడ మోటారు లేదు, వాన లేదు,
ఒంటె ఒకటి నెమరేస్తోంది.
దారంతా ఎండే కనుక మధ్యలో పోలేదది.
అదే పుట్టుక, అదే లెక్క:
ఎనిమిది. రెండు. ఒకటి.
రెండు.

పదమూడు కాదు, పన్నెండు.
నిన్నటికీ ఇవాళ్టికీ నడుమ
ఏ సముద్రం మీదో, ఎవరూ వినని చోట,
ఎండ తగిలింది
అది లేవలేదు.

రీగాలో లిఫ్టులు బాగుచేసే గుందేగా,
పిచ్చుక పొట్టలో తీగలకి ఒకప్పుడు టంకం పెట్టిన పిల్ల,
ఆరో అంతస్తులో తలుపు సగం తెరిచి
ఫోనులో ఆ అంకెని చూసింది.
కింద ఎవరో బటన్ నొక్కుతూనే ఉన్నారు.

కేమ్చిలో తెల్లారింది.
ఎదువీహిస్ తన పుస్తకంలో గళ్ళు ఇప్పటికీ నింపలేదు.
పక్కన చిన్న అక్షరాలతో రాసుకుంది:
పన్నెండు. విన్నది దులమ్‌సురెన్.
మాడిన రొట్టె తుంచి కోళ్ళకి వేసింది.
మళ్ళీ వచ్చేది ఎనిమిదీ పద్నాలుగుకి,
వస్తే.