యాభై ఎనిమిది సెకన్లు

సెట్టింగుల్లో ఆ చిన్న టిక్కు తీసేసిన రాత్రి
సముద్రం ఒక్కసారిగా పెద్దదైపోయింది.

అంతవరకూ
ఓడ నెత్తిన ఎర్ర త్రికోణం పచ్చబడేదాకా ఆగి
మీట నొక్కడమే నా యుద్ధం.
ఇప్పుడు త్రికోణం లేదు.
పెరిస్కోపులో బూడిదరంగు నీళ్ళు,
వాటి మీద బూడిదరంగు ఓడ,
నడుమ నిలువునా ఒక నల్లగీత.
ఎంత దూరం, ఎటు పోతోంది, ఎంత వేగం?
చెప్పే నాథుడు లేడు.

పగటి నా పని దీనికి తిరగేసి తొడుక్కున్న చొక్కా.
కీల్ కాలువ మొగదల, హోల్టెనౌ లాకుల దగ్గర
ఇరవై రెండేళ్ళుగా ఓడలకి తలుపులు తీస్తున్నాను.
ఓడ కంటే ముందే దాని జాతకం నా బల్ల మీదికొస్తుంది:
పొడవు, వెడల్పు, మునక,
ఏ రేవు కలప, ఎన్ని టన్నులు.
ఇక్కడ ఉజ్జాయింపు అంటే నేరం.

"రాత్రిళ్ళు చెయ్యి మరి ఆ నేరం, హిల్కే,"
అన్నాడు తాళ్ళందుకునే ఓక్కో.
భోజనాల వేళ కాగితం పొట్లం విప్పి
పొగబెట్టిన చిన్న చేపనొకదాన్ని బల్ల మీద పడుకోబెట్టాడు.
"తల నీ వైపుంటే సున్నా.
పక్క చూపిస్తే తొంభై.
తోక చూపిస్తే, ఇంకెందుకు, ఇంటికి పో."
చేపని కొంచెం కొంచెంగా తిప్పుతూ అడిగాడు.
నేను చెప్పిందల్లా తప్పు.
"నీ కుర్చీలోంచి చూస్తావేం?
దాని డెక్కు మీదికెళ్ళి నిలబడు.
దాని ముక్కుకి ఏ పక్కన, ఎంత వారగా
కనిపిస్తున్నావో చూసుకో. అదీ కోణం."
ఆ తర్వాత శత్రునౌకని
నిమ్మకాయ పిండుకుని తినేశాడు.

ముంచాలంటే ముందు ఎక్కాలన్నమాట.
ఆ ముక్క వంటబట్టడానికి పదకొండు రాత్రులు పట్టింది.

ఒక రాత్రి పుస్తకంలో పక్క పేజీ ఓడ అనుకుని
తెరచాప కొయ్య ఎత్తు తప్పు వేశాను.
మలుగుపాము (టార్పెడోని ఇక్కడి ముసలి నావికులు అలాగే అనేవారు)
ఎవరూ లేని చోటికి బుద్ధిగా వెళ్ళిపోయింది.
ఒక రాత్రి ఎడమని కుడి అన్నాను.
ఒక రాత్రి అన్నీ సరిగ్గా వేసి
టార్పెడో గొట్టం మూత తెరవడం మరిచిపోయాను.

వేగానికి గుడ్ల గడియారం.
మూడు నిమిషాల పదిహేను సెకన్లలో
ఓడ ఎన్ని వందల మీటర్లు జరిగితే అన్ని నాట్లు.
పచ్చసొన గట్టిపడీ పడని సేపు.
పొయ్యి మీదా ఒకటి పెట్టేదాన్ని, ఎలాగూ లెక్కపెడుతున్నాను కదా అని.

జబ్బు పగటికీ పాకింది.
పదకొండో నంబరు బస్సు: కుడి ముక్కు, నలభై.
కంచె మీద సీగల్: ఎడమ, తొంభై, వేగం సున్నా.
శనివారం సంతలో విడిపోయిన నా మొగుడు గెరిట్:
ఎడమ, నూట అరవై, దూరమవుతున్నాడు.
ఆ కోణంలో అతన్ని అప్పటికే
ఆరేళ్ళు చూశాను, పేరు తెలియలేదంతే.

ఫిబ్రవరిలో, పన్నెండో రాత్రి.
సరుకుల ఓడ, ఒంటరిది, దీపాలార్పి.
దూరం తొమ్మిది వందలు. ముక్కు కుడిపక్క ఎనభై. ఏడు నాట్లు.
వదిలాను.
గడియారం నొక్కాను.
యాభై ఎనిమిది సెకన్లు రావాలి.

నలభై దగ్గర టీ చల్లారిందని తెలిసింది.
యాభై దగ్గర లెక్కంతా తప్పని తెలిసింది.
యాభై ఎనిమిది దగ్గర
ఇనుము మీద ఇనుము,
ఠంగుమని.

అంతే. పేలలేదు.
తుస్సు సరుకు.
ఓడ అలాగే, ఏడు నాట్ల మీద,
ఏమీ జరగని దానిలా పోతూనే ఉంది.
నేను కుర్చీ మీదెక్కి అరిచాను.
పైవాటా పెట్రాటమ్మ చీపురుకర్రతో నేల మీద పొడిచింది.
ఎవరికి చెప్పను, తగిలిందని!
సరిగ్గా తగిలిందనీ, ఎవరూ మునగలేదనీ,
రెండూ ఒకే రాత్రి దొరికాయనీ.

తెల్లారి పొగమంచులోంచి
ఫిన్లాండు కలప ఓడ ముక్కు తేలింది.
బల్ల మీది కాగితాన్ని బోర్లా పెట్టి
ముందు కిటికీలోంచి చూశాను.
నూట ముప్పై ఆరు, అనుకున్నాను.
కాగితం తిప్పాను. నూట ముప్పై ఎనిమిది.
డెక్కు మీద ఎవరో కాఫీ కప్పు పైకెత్తాడు.
తలుపులు తీశాను.